ఊరి రామాలయంలో నవమి కల్యాణం: ముహూర్తం, పందిరి, పానకం లెక్కలు

గట్టుమీదచింత
నూజివీడు వైపు మెట్ట ఊరు, 220 గడప. రామాలయంలో మూలమూర్తులు రాతివి, ఉత్సవమూర్తులు లేవు. అర్చకులు ఒక్కరే, నవమి రోజు ఆయన చేతిలో మూడు ఊళ్ళు. కల్యాణానికి 500 మంది, భోజనాలకు 700 మంది అని అంచనా. ఈసారి కమిటీలో అందరూ కొత్తవాళ్ళే. ముహూర్తం ఎలా పట్టాలి, పందిరి ఎంత వేయాలి, పానకం వడపప్పు ఎంత కలపాలి, విగ్రహాలు లేకపోతే ఏం చేయాలి? "భక్తి ఉంటే చాలు" అనే జవాబులు వద్దండీ, కొలతలు కావాలి.

తులసికోట
ముందు టైము తేల్చుకోండి. మిగతా పనులన్నీ దాని వెనకాలే నడుస్తాయి.

నవమి కల్యాణానికి పట్టేది అభిజిత్తు ముహూర్తం. అభిజిత్తు అంటే గడియారంలో 12 కాదు. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని 15 భాగాలు చేస్తే ఎనిమిదోది అభిజిత్తు. ఏప్రిల్ మొదటి వారంలో పగలు దాదాపు 12 గంటల 18 నిమిషాలు, అంటే ఒక్కో ముహూర్తానికి 49 నిమిషాలు. మీ వైపు నడిమధ్యాహ్నం 12:10 ప్రాంతంలో పడుతుంది కాబట్టి 11:46 నుంచి 12:35 దాకా మీకు అభిజిత్తు. అదే రోజు శ్రీకాకుళంలో నడిమధ్యాహ్నం 11:57కే వచ్చేస్తుంది, హైదరాబాదులో 12:19 అవుతుంది. పంచాంగం ఏ ఊరికి గణించారో చూడకుండా అందులో వేసిన నిమిషాన్ని పట్టుకుని కొట్టుకోవద్దు.

జీలకర్ర బెల్లం 12:05, 12:15 మధ్య పెట్టేలా చూసుకోండి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేయండి. విష్వక్సేనారాధన, పుణ్యాహవాచనం కలిపి అరగంట. రక్షాబంధనం, యజ్ఞోపవీతధారణ పావుగంట. కొత్త బట్టలు, అలంకారం, ఎదురుకోలు ఇరవై నిమిషాలు. ప్రవర (వధూవరుల గోత్రం, వంశం చదవడం), కన్యాదానం పాతిక నిమిషాలు. అంటే 10:30కల్లా సంకల్పం చెప్పించాలి. చాలా ఊళ్ళలో 11:15కి మొదలుపెట్టి, ప్రవర మింగేసి, సూత్రం ఒంటిగంటకు కడుతున్నారు.

లెక్కలపుస్తకం
ఆలస్యానికి అసలు కారణం మంత్రాలు కాదండీ, గోత్రనామాలు. 200 ఇళ్ళవాళ్ళు చీటీలిస్తే, ఒక్కో చీటీకి పది సెకన్లు పట్టినా 33 నిమిషాలు. అందులో సగం చీటీలు చదవలేని రాత, తప్పుడు గోత్రం, "మా మనవడి పేరు మర్చిపోయారు" అని మధ్యలో అరుపు. చీటీలు ముందురోజు సాయంత్రం ఏడింటికి మూసేయండి. ఒకరితో పెద్దక్షరాల్లో గోత్రాలవారీగా నోటుబుక్కులో ఎక్కించండి. ఒకే గోత్రంవాళ్ళు వరసగా వస్తే గోత్రం ఒక్కసారి చదివితే సరిపోతుంది, పని మూడో వంతు తగ్గుతుంది. కల్యాణ సంకల్పంలో పీటల మీద దంపతుల పేర్లు, గ్రామం పేరు మాత్రమే. మిగతా పేర్లన్నీ తలంబ్రాల తర్వాత, హారతికి ముందు.

పీటల మీద ఎవరు కూర్చోవాలన్నది ఉగాది రోజు పంచాంగ శ్రవణం అయ్యాక అక్కడే చీటీ తీసి తేల్చేయండి. నవమి పొద్దున తేల్చుదామనుకుంటే ఆ గొడవ పన్నెండు దాకా తేలదు.

కడపరాయి
తులసికోట గారూ, నవమి బుధవారం పడితే? బుధవారం అభిజిత్తు పనికిరాదంటారు కదా. మా వైపు ఓ సారి దీని మీదే పెద్ద రచ్చ.

తులసికోట
బుధవారం దోషం మనం పెట్టుకునే ముహూర్తాలకు. ఇది తిథి ప్రధానమైన ఉత్సవం, వారంతో పని లేదు. 2024లో నవమి ఏప్రిల్ 17, బుధవారమే. భద్రాచలంలో కల్యాణం ఆ రోజే జరిగింది.

తేలాల్సింది తిథి. నవమి రెండు రోజుల మీద పడినప్పుడు మధ్యాహ్నానికి నవమి ఏ రోజు ఉందో ఆ రోజు అని స్మార్తులు చూస్తారు. వైష్ణవులు అష్టమి తగిలిన నవమిని వదిలి మర్నాడు పట్టుకుంటారు. అందుకే కొన్నేళ్ళు క్యాలెండరులో ఒక రోజు, గుడిలో ఇంకో రోజు. మీ గుడిలో ఏ సంప్రదాయంలో పూజ జరుగుతోందో దాన్ని బట్టి మీ అర్చకులు చెప్పిందే ఖాయం. ఆ సంగతి నెల ముందే పోస్టరు మీద వేయండి.

డాలస్‌పంచె
గడియారం మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ డాలస్‌లో వేసవి గంట కలుపుకోవడం వల్ల ఏప్రిల్‌లో నడిమధ్యాహ్నం 1:30కి. ఇండియా టీవీ చూసి గడియారంలో పన్నెండుకు జీలకర్ర బెల్లం పెట్టేస్తే అభిజిత్తు ఇంకా గంట దూరంలో ఉంటుంది. అమెరికాలో చిన్న గుళ్ళు చేసే మామూలు పొరపాటు ఇదే.

గట్టుమీదచింత
మా అర్చకులు మూడు ఊళ్ళకీ పన్నెండుకే ఎలా రాగలరు?

తులసికోట
రాలేరు. అందుకే ఊళ్ళు పంచుకోవాలి. నవమి అసలు జన్మదినం. మధ్యాహ్నం పూజ, పానకం నివేదన, రామజననం చదివించడం ఎవరైనా పెద్దమనిషి చేతుల మీద నడుస్తుంది. కల్యాణం సాయంత్రం గోధూళి వేళకో, దశమి ఉదయానికో పెట్టుకున్న ఊళ్ళు బోలెడు. తప్పేమీ లేదు. బాలకాండలో పెళ్ళి జరిగింది ఉత్తరఫల్గునీ నక్షత్రంలో. ఉత్తరాదివాళ్ళు సీతారాముల పెళ్ళి మార్గశిర శుద్ధ పంచమికి చేసుకుంటారు. నవమి మధ్యాహ్నమే కల్యాణం అనేది భద్రాచలం చూసి తెలుగునాట స్థిరపడిన అలవాటు.

కడపరాయి
మా ఒంటిమిట్టలో అయితే నవమికి కల్యాణమే లేదు. బ్రహ్మోత్సవాల్లో పున్నమి ముందర, రాత్రిపూట, పండు వెన్నెల్లో. ఎండ బాధ లేదు, పందిరి ఖర్చు లేదు. చెప్పొచ్చేదేమంటే, ఎండలో జనాన్ని మాడ్చడం శాస్త్రమేం కాదు.

తులసికోట
విగ్రహాల సంగతి. మూడు దారులున్నాయి. పక్క ఊరి ఉత్సవమూర్తులు తెప్పించడం మొదటిది. ఆ గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే ఈఓ రాతపూర్వక అనుమతి, నగలతో సహా జాబితా, రెండు వైపులా సంతకాలు లేకుండా గడప దాటించొద్దు. రెండోది పటం. కుదురుతుంది కానీ మాల వేయడానికే తప్ప తలంబ్రాలకు బాగోదు, గింజలన్నీ అద్దం మీంచి జారిపోతాయి.

మూడోది కలశాలు. మీకు ఇదే నయం. రెండు పీటల మీద కొత్త పంచె పరిచి, ఒక్కోదాని మీద మూడు కిలోల బియ్యం పోసి, మధ్యలో గుంట చేసి కలశం దించాలి. కలశానికి దారం చుట్టడం ముందురోజే అయిపోవాలి, అప్పటికప్పుడు చుడితే జారుతుంది. ముప్పాతిక వంతే నీళ్ళు. మామిడాకులు ఐదు, పైన పీచు తీయని చిన్న కాయ. పెద్ద కాయ పెడితే మూతిలో కూర్చోదు, తలంబ్రాలు పోసేటప్పుడు దొర్లుతుంది. రాముడి కలశానికి పట్టుపంచె, సీతమ్మకు చీర కుచ్చెళ్ళు పోసి పిన్నులతో కాదు, దారంతో కట్టండి. దీపం దగ్గర పిన్నీసు ఊడి చీర దీపం మీద పడితే పందిరికే ప్రమాదం.

జీలకర్ర బెల్లం అరగంట ముందే నూరితే బెల్లం నీరు కక్కి పట్టుబట్టల మీదికి కారుతుంది. జీలకర్ర ముందే నలిపి పొడిగా ఉంచుకోండి, బెల్లం అప్పుడు కలపండి. తమలపాకులో ఉసిరికాయంత, అంతే. జీలకర్ర బెల్లం పెట్టేదాకా మధ్యలో తెరసెల్లా పట్టాలి. పట్టుకునే ఇద్దరూ ఒకే ఎత్తు ఉన్నవాళ్ళయితే మేలు, నవ్వకండి, ఒకవైపు వాలిపోయి తెర దీపానికి తగిలిన సందర్భాలు ఉన్నాయి.

ప్రవర కాగితం మీద రాసి పెట్టుకోండి. రాముడిది వాసిష్ఠ గోత్రం, నాభాగ మహారాజు మునిమనవడు, అజ మహారాజు మనవడు, దశరథుడి కొడుకు. సీతమ్మది గౌతమ గోత్రం, స్వర్ణరోముడి మునిమనవరాలు, హ్రస్వరోముడి మనవరాలు, జనకుడి కూతురు. ప్రవర మూడుసార్లు చదవాలి. ఊరి పెద్దలకు ఇష్టమైన ఘట్టం ఇది, మైకు ఇక్కడ సరిగ్గా పలకాలి.

పందిరిగుంజ
ఇగ పందిరి నేను చెప్తా. 500 మంది కింద కూసుంటే మనిషికి నాలుగు చదరపు అడుగులు, 2000. కానీ అందరూ ఒక్కసారి కూసోరు, గుడి అరుగులు, చెట్ల నీడ ఉంటయి. 40 అడుగుల పొడుగు, 30 అడుగుల వెడల్పు వేయుండ్రి, సరిపోతది. ఎనిమిది అడుగులకు ఒక గుంజ అంటే ఇటు ఐదు, అటు ఆరు, మొత్తం 30 గుంజలు. నడుమ గుంజలు మండపానికి అడ్డమొస్తే రెండు తీసేసి పైన జంట వాసం కట్టుకోవాలె. గుంట రెండడుగుల లోతు, అడుగున రాయి, చుట్టూ మట్టి పోసి నీళ్ళు కొట్టి దంచాలె. గుంటలో ఊరికే నిలబెట్టి మట్టి నెడితే మొదటి గాలిదుమారానికే పందిరి ఒరుగుతది.

తాటి కమ్మ ఒకటి మీదమీద వేసుకుంటూ పోతే ఐదారు చదరపు అడుగులే కప్పుతది. 1200 అడుగులకు 220 కమ్మలు, చిల్లులకు 30 ఎక్కువ. మూడు నాలుగు రోజుల ముందు కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బరువు పెట్టుండ్రి, చదునైతయి. పచ్చివి అప్పుడే ఎక్కిస్తే బరువుకు వాసాలు వంగుతయి, రెండు రోజులకు ముడుచుకుని ఎండ పడుతది. మరీ ఎండినవి కూడ వద్దు, నిప్పురవ్వ చాలు. కట్టు తాళ్ళు కొబ్బరి తాడే, ఒక రాత్రి నానబెట్టి కట్టాలె. తడి తాడు ఆరేకొద్దీ బిగుస్తది. ప్లాస్టిక్ తాడు ఎండకు సాగుతది.

ఎత్తు అంచుల దగ్గర పది అడుగులు, నడుమ పన్నెండు. పల్లకి మీద గొడుగు పెట్టి లోపలికి రావాలె కద. రేకుల షెడ్డు కింద కూసోబెడితే మధ్యాహ్నం పొయ్యి మీద కూసున్నట్టే. రేకులు తప్పకపోతే మీద తాటికమ్మలు పరిచి నీళ్ళు చల్లుండ్రి. రంగుల షామియానా చూడడానికే, చల్లదనం లేదు.

గట్టుమీదచింత
ముహూర్తపు రాట ఎప్పుడు?

పందిరిగుంజ
ఐదో, మూడో రోజు ముందు, బేసి రోజు, మంచి వారం చూసి. ఈశాన్యం మూల మొదటి గుంజ. నేరేడు కొమ్మ, మామిడి కొమ్మ గుంజకు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, నవధాన్యాలు తెల్లగుడ్డలో మూట కట్టాలె. గుంటలో పాలు, పూలు, ఓ నాణెం. ఐదుగురు ముత్తయిదువలు నీళ్ళు పోస్తరు.

మీటరుబోర్డు
తాటాకు పందిరి అనగానే నిప్పు గురించి చెప్పకపోతే తప్పు. 2023 నవమి రోజే పశ్చిమ గోదావరి జిల్లా దువ్వలో బాణసంచా రవ్వకు చలువ పందిరి మొత్తం అంటుకుంది, జనం బయటికి పరిగెత్తి బతికారు. సూత్రం కట్టగానే టపాసుల పేలుడు అనే ఆచారం ఎవరు పెట్టారో గానీ, పందిరి దగ్గర మాత్రం వద్దు. ఊరి చివర చెరువు గట్టున కాల్చుకోండి. మూడు వైపులా దారి వదలండి. రెండు వందల లీటర్ల నీళ్ళ డ్రమ్ములు రెండు, ఇసుక బకెట్లు నాలుగు. హోమగుండం పైన ఆకు తీసి ఆకాశం కనిపించేలా ఉంచాలి.

అదే 2023 నవమి రోజు ఇండోర్‌లో గుడిలో పాత మెట్ల బావి మీద వేసిన స్లాబు హోమానికి కూర్చున్న జనం బరువుకు కూలి 36 మంది చనిపోయారు. మన పాత రామాలయాల ఆవరణలో కూడా పూడ్చకుండా పైన పలకలు పరిచి గచ్చు చేసిన బావులు ఉంటాయి. ఊళ్ళో ముసలివాళ్ళను అడగండి. ఉందని తేలితే దాని చుట్టూ తాడు కట్టి, పందిరి అక్కణ్ణుంచి జరపండి.

కరెంటు: స్తంభం మీద కొక్కేలు తగిలించొద్దు, తాత్కాలిక మీటరు తీసుకోండి. పందిరికి వచ్చే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, లీకేజీ ఉంటే అదే పడిపోతుంది. సీరియల్ లైట్లు ఇనప పైపులకు చుట్టకండి. పైపుకు, వైరుకు మధ్య వెదురు బద్ద ఉండాలి. జనరేటరు ఉంటే చేంజోవరు స్విచ్ తప్పనిసరి. లేకపోతే మీ జనరేటరు కరెంటు లైనులోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

ఊరేగింపు ఇంకా ముఖ్యం. ట్రాక్టరు ట్రక్కు నాలుగడుగులు, మండపం పది, పైన కలశం, గొడుగు రెండు. పదహారు. నిబంధన ప్రకారం వీధికి అడ్డంగా పోయే ఎల్‌టీ లైను (ఇళ్ళకు కరెంటిచ్చే తీగ) 5.8 మీటర్ల ఎత్తున, అంటే 19 అడుగుల మీద ఉండాలి. కానీ రోడ్డు మూడుసార్లు సిమెంటు పోసి పెంచుకున్నాక, తీగ వేసవిలో సాగాక, చాలా వీధుల్లో 15 కూడా ఉండదు. ముందురోజు పగలు ఎండిన వెదురు కర్రకు గుడ్డ కట్టి దారి పొడవునా చూడండి, తీగకు తాకించకుండా. దగ్గరగా అనిపిస్తే ఆ వీధి వదిలేయండి, లేదా సబ్‌స్టేషన్‌లో రాసిచ్చి ఆ గంట సప్లై ఆపించండి. కర్రతో తీగ పైకి ఎత్తి బండి దాటించే వీరులు ప్రతి ఊళ్ళో ఉంటారు, వాళ్ళకు ఆ రోజు వడ్డన పని అప్పగించండి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు.

గుండిగ
పానకం. 500 మందికి గ్లాసు 150 మిల్లీలీటర్లు, 75 లీటర్లు, రెండోసారి అడిగేవాళ్ళతో 90. కిలో బెల్లానికి ఐదు లీటర్ల నీళ్ళు. అంటే బెల్లం 18 కిలోలు. మిరియాలు 220 గ్రాములు, యాలకులు 90, శొంఠి 90. తులసి రెండు గుప్పెళ్ళు.

బెల్లం తెల్లగా మెరిసేది వద్దు, హైడ్రోస్ అనే రసాయనం వేసి తెలుపు తెప్పించినది. ముదురు రంగుది కొనండి, అనకాపల్లి దిమ్మయినా, ఇంకెక్కడిదైనా. రాత్రి బెల్లం చిదిపి 30 లీటర్ల నీళ్ళలో వేసి పెట్టొద్దు, పొద్దుటికి పులుపు మొదలవుతుంది. తెల్లవారుజామున ఐదింటికి నానేసి, ఆరున్నరకు కలిపి, అరగంట కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి దిగుతుంది. పైనుంచి తేరిన నీరు పల్చటి గుడ్డలో రెండు మడతలతో వడకట్టి మిగతా నీళ్ళు కలపండి. అడుగు రెండు అంగుళాలు పారబోయండి, కక్కుర్తి పడితే గ్లాసులో ఇసుక.

మిరియాలు రవ్వలా దంచాలి. మెత్తటి పొడి గొంతుకు అంటుకుని పిల్లలు దగ్గుతారు. పొడులన్నీ పదిన్నరకు వేయండి. అంతకు ముందే వేస్తే మిరియం ఘాటు ఎక్కి కషాయమవుతుంది.

పచ్చకర్పూరం వేసేవాళ్ళకు గట్టిగా చెబుతున్నా. 90 లీటర్లకు రెండు శనగగింజలంత చాలు, ఎక్కువైతే చేదు. అది తినే పచ్చకర్పూరమే కావాలి. హారతి కర్పూరం విషం, పిల్లలకు ఫిట్లు వస్తాయి. రెండు డబ్బాలూ పూజ సామాను సంచిలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పచ్చకర్పూరం వంటవాడి దగ్గరే ఉండాలి.

చల్లదనానికి ఐసు దిమ్మలు వేస్తున్నారు. అవి చేపల పెట్టెల కోసం చేసినవి, బోరు నీళ్ళవి. పదిహేను లీటర్ల మట్టి కుండలు ఆరు, ముందురోజంతా నీళ్ళు పోసి నానబెట్టి, తడి గోనె చుట్టి ఇసుకలో పెడితే చాలు.

కడపరాయి
నిమ్మకాయ పిండరా? మాకు నిమ్మ లేకపోతే పానకమే కాదు.

గుండిగ
పిండుకోవచ్చు అన్నా, కానీ పాత్ర చూసుకోవాలి. గుళ్ళో ఇత్తడి గంగాళాలకు కళాయి పోయి ఉంటుంది. అందులో నిమ్మ, బెల్లం నాలుగు గంటలుంటే చిలుము రుచి వస్తుంది, వాంతులవుతాయి. స్టీలులో అయితే ఇరవై కాయలు, అదీ పంచే ముందు. నివేదనకు తీసేది నిమ్మ కలపకముందే పక్కన పెట్టండి.

వడపప్పు: పెసరపప్పు 10 కిలోలు. మూడు నీళ్ళు కడిగి గంటంబావు నానితే చాలు. గోరుతో నొక్కితే విరగాలి, నలగకూడదు. రాత్రి నానేస్తే జిగురొస్తుంది, ఎండకు పదకొండింటికే వాసన. నీళ్ళు పూర్తిగా వంచి వెదురు బుట్టలో గుడ్డ మీద ఆరబోయండి. కొబ్బరి కోరు ఆరు కాయలది, మామిడికాయ తురుము రెండు కిలోలు, పచ్చిమిర్చి పావుకిలో, కొత్తిమీర. ఉప్పు, మామిడి పంచడానికి పది నిమిషాల ముందే. ముందే కలిపితే నీరు ఊరి పప్పు జారుడవుతుంది.

చలిమిడికి కొత్త బియ్యం ఆరు కిలోలు రాత్రి నానబెట్టి, పొద్దున వడేసి, నీడన గుడ్డ మీద అరగంట ఆరనిచ్చి, చేతికి తడి తెలుస్తుండగానే మర ఆడించాలి. పిండి పిడికిట్లో ముద్ద కట్టాలి. బెల్లం నాలుగు కిలోలు తురిమి, నెయ్యి, యాలకుల పొడి, కొబ్బరి ముక్కలు వేసి దంచడమే, నీళ్ళు పోయక్కర్లేదు. పిండి ఆరిపోతే చలిమిడి పొడిపొడి అవుతుంది, అప్పుడు పాలు చిలకరించుకోండి. ఒక్క జాగ్రత్త: మరలో మీ ముందు కారం ఆడించి ఉంటే ఊరంతా కారం చలిమిడి తింటుంది. ముందు కిలో మామూలు బియ్యం ఆడించి పక్కన పారేయమనండి.

గట్టుమీదచింత
తలంబ్రాలు పసుపువా, ఎర్రవా? భద్రాచలం ప్యాకెట్టులో ఎర్రగా ఉంటాయి.

తులసికోట
ఊళ్ళలో పసుపువే. భద్రాచలంలో ఫాల్గుణ పున్నమి రోజు బుక్కాగులాల్ కలిపి తయారుచేస్తారు, అందుకే ఆ రంగు, అది అక్కడి ప్రత్యేకత. కోరుకొండ వైపు భక్తులు వడ్లు పండించి గోటితో ఒలిచి పంపే తలంబ్రాలు కూడా అక్కడికే చేరతాయి. మీరు బజారు గులాల్ కలపకండి. జనం ఆ గింజలు ఇంటికి తీసుకెళ్ళి పరమాన్నంలో వేసుకుంటారు, రంగు కడుపులోకి పోతుంది.

10 కిలోలు చాలు, రెండున్నర కల్యాణానికి, మిగతాది 15 గ్రాముల చొప్పున 500 పొట్లాలు. పచ్చి బియ్యం, నూక లేకుండా చెరిగినవి. ఉప్పుడు బియ్యం పనికిరావు. పసుపు పావుకిలో, నెయ్యి పావుకిలో కలిపి చేత్తో పట్టించాలి. నీళ్ళతో కలిపితే గింజలు అంటుకుంటాయి, ప్యాకెట్లో మూడో రోజుకు బూజు. ప్లాస్టిక్ కవరు కాదు, కాగితం పొట్లం కట్టండి.

లెక్కలపుస్తకం
మంగళసూత్రాలు, కిరీటాలు, శఠగోపం ఊళ్ళో ఎవరింట్లో ఉన్నా ముందురోజు గుడికి వచ్చేటప్పుడు తూకం వేసి, ఫోటో తీసి, ఇద్దరి సంతకాలతో పుస్తకంలో ఎక్కించండి. తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ అంతే. సూత్రాలు పాతవే వాడతారు, పసుపుతాడు మాత్రం కొత్తది. చదివింపుల డబ్బు మైకులో చెప్పిన వెంటనే రశీదు రాయాలి. సాయంత్రం రాద్దామంటే మైకులో వినపడింది ఒకటి, పెట్టెలో ఉన్నది ఇంకొకటి అవుతుంది.

గుండిగ
భోజనాలు క్లుప్తంగా. 700 మందికి అన్నానికి బియ్యం 90 కిలోలు, పులిహోరకు 20. పులిహోరకు చింతపండు రెండు కిలోలు, నూనె మూడు కిలోలు. కందిపప్పు పప్పుకు 20, సాంబారుకు 6. పెరుగు 40 కిలోలు మజ్జిగ చేసేయండి, ఎండలో పెరుగు వడ్డిస్తే మూడింటికి పులిసిపోతుంది. గుండిగకు పాతిక కిలోల బియ్యం మించొద్దు, గంజి వార్చేటప్పుడు మనుషులు కాలేది అక్కడే. వండిన అన్నం చాపల మీద గుడ్డ పరిచి ఆరబోయండి. వేడిమీద మూతపెడితే ఆవిరి నీరై కారి అన్నం పాచిపోతుంది. పప్పు కూడా అంతే. నవమి రోజు ఉపవాసం ఉండేవాళ్ళకు పండ్లు, పానకం విడిగా. చేతులు కడగడానికి, తాగడానికి కలిపి రెండు వేల లీటర్లు, ట్యాంకరు పదింటికే వచ్చి నిలబడాలి.

పందిరిగుంజ
మర్నాడు వసంతాలు ఆడే ఊళ్ళకు ఒక మాట. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడుతది. వంద లీటర్లకు అరకిలో పసుపు, సున్నం నిమ్మకాయంత తేట తీసి కలపాలె. రంగు ఇంకా రావాలని సున్నం ఎక్కువ పోస్తే కండ్లు మండుతయి, పిల్లలను ఆస్పత్రికి తోలాలె. పందిరి గుంజల మీద పడితే మరక పోదు, కిరాయి గుంజలైతే పైసలు కోస్తరు.

గట్టుమీదచింత
అందరికీ దండాలండీ. అర్చకులతో మాట్లాడాం. నవమి మధ్యాహ్నం జననం, పానకం. కల్యాణం సాయంత్రం 5:40కి మొదలు. చివరి ప్రశ్న, రాట ఎప్పుడు పీకాలి? కొందరు పదహారు రోజులంటున్నారు.

తులసికోట
పదహారు రోజుల పండగ మనుషుల పెళ్ళికి. మీకు దశమి పట్టాభిషేకం అయ్యాక కంకణ విసర్జన చేయించి, మూడో రోజో ఐదో రోజో ఈశాన్యపు రాట తీయండి. నవధాన్యాల మూట విప్పి చెరువులో కలపండి. కొమ్మలు చెట్టు మొదట్లో. గుంట పూడ్చి పైన నీళ్ళు చల్లండి, ఎవరూ కాలు వేసి పడకుండా.

సాయంత్రం కల్యాణం అంటున్నారు కాబట్టి పానకం రెండుసార్లు కలపాలి, పొద్దుటిది ఆరింటికి ఉండదు.

గుండిగ
అవును. బెల్లం రెండు భాగాలు చేసి పెట్టుకోండి. రెండోది మధ్యాహ్నం మూడింటికి నానేయండి.